బార్‌కోడ్ మీద పసుపు

పోయిన గురువారం పొద్దున నా భార్య కన్నుమూసింది. నిజామాబాద్‌లోని మా ఇంటికి పలకరింపుకు వచ్చినవాళ్ళలో చాలామందికి ఆమె పేరు తెలియదు. అందరికీ ట్యాక్స్ అక్క.

మా ముందుగదిలో కూర్చుని వ్యాపారులకు ఆదాయపు పన్ను రిటర్నులు తయారుచేసేది. అంకెలు పైకి చదివి వినిపించి, "సమజైందా?" అని అడిగి, అవునంటేనే పెన్ను ఇచ్చేది. "సమజ్ గాకుంటే సంతకం పెట్టకుండ్రి. నేను జెప్పినా సరే" అనేది.

ఇంటర్నెట్‌లో రిటర్ను వేసే పద్ధతి వచ్చిన ఏడు ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. నేను బోధన్ కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే చెయ్యి పట్టి కంప్యూటర్ ముందుకు లాక్కుపోయేది. "ఇగో సూడుండ్రి, గిట్ల నొక్కితే గట్ల పోయింది!"

పంపడంతో అయిపోదు. రసీదు కాగితం ప్రింటు తీసి, రిటర్ను ఎవరిదో వాళ్ళే సంతకం పెట్టి, గడువులోగా పన్ను ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే రిటర్ను వేయనట్టే.

అట్లా వేయడానికి మొదట ఒప్పుకున్నది నందిపేట్ పసుపు వ్యాపారి. యంత్రం కొనడానికి అప్పు ఇవ్వాలంటే పన్ను ఆఫీసు ముద్ర పడిన రసీదు నకలు తెమ్మని బ్యాంకువాళ్ళు ఆయన్ని అడిగారు. గడువు చివరిరోజు మధ్యాహ్నం గాని ఆయన రాలేదు. ఇది కుదిరితే మేమూ వేస్తామని మరో ఇద్దరు వ్యాపారులు బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు. కుదరకపోతే ఆ కంప్యూటర్‌ను ఇక ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు.

ఆయన సంతకం పెట్టాడు. పెట్టి, జేబులోంచి పొట్లం తీసి, కాగితం నాలుగు మూలలా పసుపు అద్దాడు. ఐదో బొట్టు సరిగ్గా బార్‌కోడ్ మీద.

"అయ్యో అన్నా! గా గీతలు మిషన్ సదవాలె గదనే!"

"కొత్త పద్దుకు బొట్టు పెట్టమా అక్కా? గిదీ లెక్క కాయిదమే గదా!"

బెంచీ మీది నుంచి ఒకాయన అందుకున్నాడు. "పసుపుకే బెదిరె. ఇదేం కంప్యూటరే అక్కా!"

ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ప్రింటు తీసింది. ఆయన మాత్రం బొట్టు లేని కాగితం మీద సంతకం పెట్టనని భీష్మించాడు.

"కంప్యూటర్‌కు పెట్టు. నా కుర్సీకి పెట్టు. మా సారు స్కూటర్‌కు గూడ పెట్టు. కాయిదం ఒక్కటి ఇడిసిపెట్టన్నా!"

అన్నిటికీ పెట్టాడు. ఆమె ఆయన చేతులు సబ్బుతో కడిగించి పెన్ను ఇచ్చింది.

పన్ను ఆఫీసుకు ముగ్గురం కౌంటర్ మూసే వేళకు చేరాం. నేను కింద స్కూటర్ దగ్గరే ఉండిపోయాను. కాసేపటికి ఆయన మెట్ల మీది నుంచే అరిచాడు. "పడ్డది బావా, ముద్ర పడ్డది!"

బ్యాంకు నకలు ఆయనకిచ్చి, మా దగ్గర దాచుకునే నకలు పట్టుకుని ఆమె నా వెనక కూర్చుంది. ముద్ర సిరా తడిగా ఉంది. ఆరాలని ఆ కాగితాన్ని గాలికి ఎత్తి పట్టుకుంది. అద్దంలో నాకు రెపరెపలాడే కాగితం, ఆమె చెయ్యి మాత్రమే కనిపించాయి. చెయ్యి నొస్తుంది, దించమన్నాను. ఇల్లు వచ్చేదాకా దించలేదు.