అంటుకున్నదల్లా ఇనుమే

తుక్కు సామాన్ల బజారులో అయస్కాంతం బాబాయ్‌ని ఎరగనివాళ్లు లేరు. అసలు పేరేమిటో ఎవరికీ అవసరం పడలేదు. పాత స్పీకరులోంచి పీకిన గుండ్రటి అయస్కాంతాన్ని తాడుకు కట్టి మెడలో వేసుకు తిరిగేవాడు. తలుపు తాళానికి వంగితే తాళంచెవి గుండెలకు అతుక్కునేది. దాన్ని ఊడదీయమని పిన్నిని, అంటే ఆయన భార్యని, కేకేసేవాడు. ఆవిడ పొయ్యి తగ్గించి వచ్చి ఊడదీసి, "మెడకి ఇదొక గుదిబండ" అని గొణుక్కుంటూ వెళ్లేది.

బాబాయ్ విద్య ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. గిన్నె రానీ, గొట్టం రానీ, దానికి అయస్కాంతం చూపించడం. అంటుకుంటే ఇనుము, ఎడమ గుట్టలోకి. అంటుకోకపోతే నికెల్ కలిసిన మంచి స్టీలు, కుడి గుట్టలోకి. ఇనుములో క్రోమియం, దానికి తోడు తగినంత నికెల్ పడితే ఆ స్టీలుకు తుప్పు పట్టదు, అయస్కాంతం మొహమూ చూడదు. ప్రపంచంలో తీసే నికెల్‌లో పెద్ద వాటా పోయేది ఈ స్టీలులోకే. అంచేత లోకంలోని నికెలంతా తన మెడలోని తాడు చెప్పినట్టు వింటుందని బాబాయ్ గట్టి నమ్మకం.

కొట్టు పెత్తనం కూతురి చేతికి వచ్చి కొంతకాలమైంది. పొద్దున్నే ఫోనులో నికెల్ ధర చూడందే ఆ పిల్ల టీ ముట్టదు.

"ఇండోనేషియాలో వానలట నాన్నా, గనులు ఆగాయట. ధర పెరిగేలా ఉంది."

"అక్కడెక్కడో వాన పడితే మనం గొడుగు వేసుకోవాలా?"

"ప్రపంచం మొత్తం నికెల్‌లో సగానికి పైగా అక్కడి మట్టిలోంచే వస్తోంది. వేసుకోవాలి మరి."

బాబాయ్ పెదవి విరిచి స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ గుట్టకీ కుడి గుట్టకీ మధ్య ఉండే ఆ స్టూలంటే ఆయనకు ప్రాణం. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. స్టీలు కరిగించే మిల్లువాళ్లు నికెల్ తక్కువగా ఉందంటూ లారీ సరుకంతా వెనక్కి పంపారు. మాంగనీసు ఎక్కువ వేసి నికెల్ తగ్గించిన చౌక స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకోదు. బాబాయ్ దాన్ని నిశ్చింతగా కుడి గుట్టలో వేస్తూ వచ్చాడు. కూతురు వెళ్లి, పిస్తోలు ఆకారంలో ఉండే పరీక్ష యంత్రం కొనుక్కొచ్చింది. మీట నొక్కితే ఏ లోహం ఎంత ఉందో తెర మీద చెప్పేస్తుంది.

"ఇంక నువ్వు ఇంట్లో హాయిగా కూర్చో నాన్నా."

ఆ మాట వినగానే గోడ అవతల వంటింట్లో పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన ఇంట్లో కూర్చుంటే హాయి ఎవరికో ఆవిడకు బాగా తెలుసు.

"పందెం," అన్నాడు బాబాయ్. "ఎడమ గుట్ట మీద నా మాట తప్పని తేలితే స్టూలు నీది. తేలకపోతే ఆ పిస్తోలు వెనక్కి."

ఎడమ గుట్ట అని తెలివిగా ఎంచుకున్నాడు. అంటుకోనివాటిలో మోసం ఉండొచ్చు గానీ, అంటుకున్నవాటిలో ఏముంటుంది?

కూతురు ఒక్కొక్కటే పరీక్ష చేసింది. బోల్టు, ఇనుము. గొళ్లెం, ఇనుము. పెనం, ఇనుము. బాబాయ్ మీసం కింద నవ్వుతున్నాడు. అప్పుడు మూతబడ్డ లోహపు పూత షాపునుంచి వచ్చిన బూడిదరంగు పలక ఒకటి తగిలింది. అయస్కాంతానికి అది కూడా ఠక్కున అతుక్కుంది. యంత్రం మాత్రం నికెల్ అంది. స్వచ్ఛమైన నికెల్.

"నీ యంత్రానికి మతి పోయింది," అన్నాడు.

"కొళాయిలకీ హ్యాండిళ్లకీ పూత వేసేవాళ్లు ఈ పలకల్నే నికెల్ కరిగిన ఆకుపచ్చ నీళ్లలో వేలాడదీస్తారు నాన్నా. విడిగా ఉన్న నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. స్టీలులో కలిశాకే అంటుకోదు."

"విడిగా ఉంటే అంటుకుని, కలిస్తే అంటుకోదా? ఇదేం కాపురమే?"

"అసలా పేరే ఒక అల్లరి దయ్యానిదట. పూర్వం గనివాళ్లు ఎర్రటి రాయి చూసి రాగి వస్తుందని కాల్చారట. ఎంతకీ రాకపోతే, ఆ దయ్యమే మోసం చేసిందని తిట్టుకుంటూ దాని పేరే పెట్టారట."

బాబాయ్ లేచాడు. "అయితే తేల్చేద్దాం. మన స్నానాలగది తలుపుకి అడ్డం పెట్టే దిమ్మ ఉందిగా, అది అచ్చమైన ఇనుము. నా చేత్తో ఎడమ గుట్టలోంచి తీసి తెచ్చా. దాన్నీ నికెల్ అందంటే యంత్రానికి పిచ్చి అన్నట్టే. ఏమే, ఆ దిమ్మ ఇలా పట్రా."

పిన్ని తడి దిమ్మను కొంగుతో తుడుస్తూ తెచ్చింది. కూతురు మీట నొక్కి తెర చూపించింది. నికెల్.

బాబాయ్ చంకలు గుద్దుకున్నాడు. "చెప్పానా? పిచ్చి యంత్రం. పందెం నాదే."

"ఏవండీ," అంది పిన్ని. "అది తెచ్చిన ఏడాదే మీతో అన్నాను. పొద్దస్తమానం నీళ్లలో నానుతున్నా దీనికి తుప్పు పట్టట్లేదేంటి, ఇది ఇనుమేనా అని. నీ మొహం, నీకేం తెలుసు అన్నారు. మరుసటేడూ అన్నాను. తర్వాత అనడం మానేశాను."

బాబాయ్ దిమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నేళ్లు రోజూ దీని పక్కనుంచే కదా లోపలికి వెళ్లింది. తుప్పు మరక మచ్చుకైనా లేదు. నికెల్ సంగతి తెలియకపోవడం ఆయనకు సిగ్గనిపించలేదు, తెలిసినవాళ్లే తక్కువ. ఇంట్లో మనిషి చెప్పింది ఒక్కసారి కూడా చెవిన పెట్టలేదన్నదే తల కొట్టేసినట్టయింది. మెడలోని తాడు తీసి కూతురి చేతిలో పెట్టి, స్టూలుకేసి చూడకుండా ఇంటివైపు నడిచాడు.

"ఎక్కడికి?" అని పిన్ని దారికి అడ్డం నిలబడింది. "ఓడిపోయింది అయస్కాంతం. మీరు కాదు. ఒసేయ్, మీ నాన్నకి స్టూలు వేయి. పగలంతా ఇంట్లో ఉంచుకోవడం నా వల్ల కాదు."

కూతురు నవ్వాపుకుంటూ స్టూలు ఆయనకేసి జరిపింది. తాడు కూడా తిరిగిచ్చేసింది.

ఇప్పుడు బజారువాళ్లు కొత్త వింత చూస్తున్నారు. అంటుకున్న ముక్క ఏదైనా కాస్త అనుమానంగా కనిపిస్తే బాబాయ్ దాన్ని ఎడమ గుట్టలో వేయడం లేదు. సాయంత్రం ఇంటికి పట్టుకుపోయి స్నానాలగదిలో తడి నేల మీద పెడుతున్నాడు. పిన్ని వాటి మధ్యనుంచి గెంతుతూ బిందె మోస్తోంది, తిడుతోంది, తుప్పు పట్టిందేమోనని వంగి వాటి అంచులు చూస్తోంది.

"నాన్నా, ఆ ముక్క నికెలేనని యంత్రం ఎప్పుడో చెప్పిందిగా. లారీ వెళ్లిపోతోంది, ఇటు ఇవ్వు," అంది కూతురు మొన్న.

బాబాయ్ ఇవ్వలేదు. "నీ యంత్రం చెప్పింది, సరే. మీ అమ్మ ఇంకా చెప్పలేదు."