నరసమ్మ పిన్ని మీద రెండు పేజీల ఫిర్యాదు

ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టాలంటే పగ ఉండాలి, పన్నాగం ఉండాలి అనుకుంటాం. నాకు మాత్రం ఒక ప్లేటు ఛోలే భటూరే, గంటసేపు కూలర్ గాలి సరిపోయాయి. ఆ ఘనకార్యం ఏమిటో ఇప్పుడు చెబుతాను. చివర్లో ఎంతైనా నవ్వుకోండి. మధ్యలో మాత్రం కాస్త నా పక్షాన ఉండండి. అప్పట్లో నా పక్షాన నేను తప్ప ఎవరూ లేరు.

పదేళ్ల కిందటి మాట. నాకు ఇరవై మూడేళ్లు. భిలాయిలోని సుపేలాలో మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో మా ఆఫీసు. ఫ్యాక్టరీలకు హెల్మెట్లు, చేతి తొడుగులు, బూట్లు సరఫరా చేసేవాళ్లం. ఆర్డర్లు రాసుకుని సరుకు పంపించడం నా పని. మిగిలిన వేళ కిటికీ పక్కన కూర్చుని దూరంగా స్టీలు ప్లాంటు పొగగొట్టాల వైపు చూడటం కూడా నా పనే. దానికి ఎవరూ జీతం ఇవ్వకపోయినా ఎంతో శ్రద్ధగా చేసేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ పొగ కదిలేది కాదు. ఎవరో ఆకాశంలో ఆరేసి మరిచిపోయిన గులాబీరంగు చీరలా అలా ఉండిపోయేది. దాన్ని చూస్తూ నేనూ ఉండిపోయేదాన్ని. ఫోను మోగితే మరెవరి ఇంట్లోనో మోగుతున్నట్టు వినిపించేది.

అలాంటి నా స్వర్గంలోకి నరసమ్మగారు వచ్చారు. రాయపూర్‌లో మా బ్రాంచి మూతపడితే ఆవిడను ఇక్కడికి పంపారు. ఆమదాలవలస మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. ఆవిడ గంజిపెట్టిన చీర కుచ్చిళ్లతో కాగితం కోసుకోవచ్చు.

"నమస్తే దీదీ. మీ కుర్సీ ఇధర్ ఉంది" అన్నాను మర్యాదగా.

"దీదీ ఏటమ్మా? తెలుగు గుంటవే కదా నువ్వు?"

"హా. మాది సెక్టర్ సిక్స్. నాన్న ప్లాంటులో. అసలు గావ్ బొబ్బిలి దగ్గర."

"గావ్ కాదు, ఊరు. నన్ను పిన్నీ అను."

భిలాయిలో పుట్టి పెరిగినదాన్ని. తెలుగంటే అమ్మ తిట్టే భాష, హిందీ అంటే నేను జవాబిచ్చే భాష. ఇరవై మూడేళ్లుగా ఆ ఏర్పాటుతో మా ఇల్లు హాయిగా నడుస్తోంది. నరసమ్మ పిన్నికి అది నచ్చలేదు.

"పిన్నీ, ఖిడికీ బంద్ చెయ్యకండి. హవా రావట్లేదు."

"కిటికీ ముయ్యకండి, గాలి రావట్లేదు. ఏదీ, మల్లీ చెప్పు."

బుద్ధిగా మళ్లీ చెప్పాను. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని ఆవిడ కిటికీ మూసేసింది.

ఫోనులో మాట్లాడుతుంటే పక్కనుంచి దిద్దేది. నేను సర్దిన ఫైళ్లను మళ్లీ సర్దేది. మూడో వారం ఒక ఉదయం వచ్చి చూద్దును కదా, నా బల్ల గోడవైపు తిరిగి ఉంది!

"పిన్నీ, ఇదేంటి?"

"ఆ పొగ చూస్తా చూస్తా నిన్న కుడిచేతి తొడుగులే రెండొందలు పంపీసినావు. ఎడమచేతులు ఏటి చేసుకుంటారమ్మా, జేబులో ఎట్టుకుంటారేటి?"

నిజమే పంపాను. కానీ తప్పు నాదైతే మాత్రం నా కిటికీ లాక్కుంటారా? ఆ రోజంతా గోడ చూస్తూ కుమిలిపోయాను. ఆ గోడ మీద ఒక్క మేఘం లేదు, బల్లి కూడా రాలేదు.

ఇక ఆ మహత్తర దినం. మే నెల. పొద్దున్నే ఆటో వెళ్లిపోతోందని పరుగెత్తాను. మధ్యాహ్నం కింద దుకాణంలో ఛోలే భటూరే తిని పైకొచ్చాను. పిన్ని కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ సగం రోజు సెలవు పెట్టి దుర్గ్ వెళ్లిందని నాకు తెలియదు. కూలర్ జోరీగలా పాడుతోంది. తడిసిన వట్టివేళ్ల వాసన. గోడ మెల్లగా మెత్తబడింది, నీళ్లలా అయింది, నేను అందులోకి జారిపోయాను.

నరసమ్మ పిన్ని గోడలోంచే నడిచి వచ్చింది. నేను రోజూ కొక్కేనికి తగిలించే నీలం గొడుగు తీసి కిటికీలోంచి విసిరేసింది. గొడుగు గాల్లో తెరుచుకుంది. సుపేలా ఆటోల మీదుగా, బస్సుల మీదుగా, తొందర లేకుండా ఊగుతూ గులాబీ పొగవైపు వెళ్లిపోయింది. హెల్మెట్ల పెట్టెల మీద మా పలాస చిన్నాన్న కూర్చుని పనసతొనలు తింటున్నాడు. "అన్యాయం, అన్యాయం" అన్నాడు తింటూనే. నేను లేచి నిలబడి రేడియోలో వార్తలు చదివినంత గంభీరంగా పిన్నికి జవాబు చెప్పాను.

కళ్లు తెరిచాను. కొక్కెం వైపు చూశాను. గొడుగు లేదు! పిన్ని కుర్చీ ఖాళీ. చేసిందంతా చేసి భయంతో పారిపోయిందన్నమాట!

మీరైతే ముఖం కడుక్కునేవారు. నేను కాగితం తీసుకున్నాను. నిద్రమత్తులో రెండు పేజీలు ఆగకుండా హిందీలో రాసి మా యజమాని సేఠ్‌జీ చేతిలో పెట్టాను. మొదటి పేజీ అంతా మూడు వారాల నా కష్టాలు. ఆయన అంతవరకే చదివి మడిచేశారు.

"ఒక్కరి పనికి రెండు బల్లలు ఎందుకని మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను బేటా. రేపు ఆమెకు చెప్పేస్తాను, ఇక రావద్దని." ఆయన మాట్లాడేది హిందీయే. మీకోసం తెలుగులో రాస్తున్నాను. పిన్ని చూస్తే మురిసిపోతుంది.

విజయగర్వంతో ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది.

"ఎండలో మాడిపోనావు కదే! గొడుగు ఇక్కడే ఒగ్గీసి ఎలిపోనావేటి?"

తలుపు వెనక నీలం గొడుగు. పొడిగా, ముడుచుకుని, ఎక్కడికీ ఎగరకుండా.

పిన్ని రాలేదు, విసరలేదు. చిన్నాన్న పలాసలో ఉన్నాడు. నేను మాత్రం సంతకం పెట్టాను.

ఆ రాత్రి కల రాలేదు. నిద్ర వస్తే కదా! పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి కాగితం వెనక్కి తీసుకుందామనుకున్నాను. నేను మెట్లెక్కేసరికి పిన్ని అప్పటికే సేఠ్‌జీ గదిలో నిలబడి ఉంది. ఆయన చేతిలో నా ఫిర్యాదు. పిన్ని ముఖంలో రక్తం లేదు. "రాయపూర్ నుంచి సామాను తెచ్చీసుకున్నాను కదా సేఠ్‌జీ" అంటోంది మెల్లగా. ఆ గొంతు అంత చిన్నదవుతుందని నాకు తెలియదు.

నోరు మూసుకుంటే నా కిటికీ నాకు దక్కేది. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. మరుక్షణం గదిలోకి వెళ్లిపోయాను.

"సేఠ్‌జీ, ఆ కాగితం అబద్ధం. పిన్ని ఏమీ చెయ్యలేదు. నాకు... కల వచ్చింది."

"కలా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండో పేజీ తెరిచి పైకి చదవసాగారు. "'గొడుగు ఎగురుకుంటూ ప్లాంటు వైపు వెళ్లిపోయింది.' సుపేలా నుంచి ప్లాంటుదాకా? 'సాక్షి: మా చిన్నాన్న. సంఘటన జరిగినప్పుడు పనసతొనలు తింటున్నారు.'" ఆయన ఆగి నా వైపు చూశారు. "బేటా, మరి ఇదేమిటి? నాకు అర్థం కావట్లేదు."

అది నేను కలలో ఇచ్చిన జవాబు. తెలుగు మాటలనే హిందీ అక్షరాల్లో రాశాను. సేఠ్‌జీ రాళ్ల మీద నడుస్తున్నట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు: "అమ్మా, నా గొడుగును కిటికీలోంచి విసిరివేయుట మీవంటి పెద్దలకు తగునా? గాలివానలో నేను తడిసినచో పాపము ఎవరిది?"

సేఠ్‌జీ ముఖం ఎర్రబడింది.

"అయితే వెళ్లాల్సింది ఈమె కాదు, నువ్వు!"

తల వంచుకున్నాను. నిజమే అనిపించింది.

"ఉండండి సేఠ్‌జీ" అంది పిన్ని హిందీలో. తర్వాత నా వైపు తిరిగింది. "ఇది నువ్వే అన్నావేటి?"

"కలలో, పిన్నీ."

"ఒక్క హిందీ ముక్క నేదు!"

"లేదు పిన్నీ."

"'తగునా' అన్నావు!"

"మాఫ్ కర్... క్షమించండి పిన్నీ."

ఆవిడ పెదవులు వణికాయి. ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మూడు వారాల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

"ఈ గుంటని పంపీకండి సేఠ్‌జీ. పని నాను నేర్పుకుంటాను. రోజూ మద్దేనం ఓ గంట పడుకోనివ్వండి చాలు. మెలకువలో మూడు వారాలు నేర్పితే రాని తెలుగు, నిద్దట్లో దానంతటదే వచ్చీసింది."

సేఠ్‌జీ మా ఇద్దరి వైపూ చూసి, ఈ తెలుగువాళ్లతో వేగలేనని కాగితం చింపేశారు. ఇద్దరం మిగిలాం. నా బల్లను పిన్నే స్వయంగా సగం కిటికీవైపు తిప్పింది. మిగతా సగం ఎడమచేతి తొడుగుల కోసమట.

ఆ రోజే కూలర్ ముందు నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, అచ్చ తెలుగులో ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట చన్నీళ్లతో మూడుసార్లు ముఖం కడుక్కోకుండా, మెలకువగా ఉన్న ఒక మనిషిని అడిగి తెలుసుకోకుండా, ఎవరి మీదా ఒక్క ముక్క ఫిర్యాదు రాయను. రాయను గాక రాయను.

కసమ్ సే.