గంజి పెట్టిన రెక్కలు

పక్కింటి ముసలమ్మ మనవరాలి కాటుక కోసం ఆముదం దీపం పెట్టింది. గోడ దాటి ఆ పొగ వాసన నా వంటింట్లోకి రాగానే పసిపిల్ల కాదు, రాజేశం మామ గుర్తొచ్చాడు. మా అవ్వకు, అంటే అమ్మకు, ఆయన తమ్ముడు. భివండి పద్మనగర్‌లో పవర్‌లూమ్ కార్ఖానా ఉండేది ఆయనకు. ఆ మగ్గాలను మేము సాంచాలంటాం. నాన్న పోయాక అవ్వనూ నన్నూ తీసుకొచ్చి కార్ఖానా వెనక గదిలో పెట్టుకున్నాడు. వాడకట్టంతా ఆయనను దేవుడనేది. నేను మాత్రం అనలేను.

మామకు చిన్న విమానాల పిచ్చి. బొమ్మలంటే కొట్టడానికి వచ్చేవాడు. చోర్ బజార్‌లో దొరికిన పిడికెడంత డీజిల్ ఇంజన్, అందులో ఒకే ఒక్క పిస్టన్. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపి పోస్తే చాలు, ఇంత లేదు గానీ సాంచాల చప్పుడును మించి అరిచేది. శుక్రవారం కరెంటు సెలవు కాబట్టి నార్పోలి అవతలి మైదానానికి పోయేవాళ్లం. ఆయన నడుమ నిలబడి రెండు సన్నని తీగలు పట్టుకుంటే విమానం ఆయన చుట్టూ గిరగిరా తిరిగేది. ఫ్యాను రెక్కను వేలితో తిప్పి ఇంజన్ అందుకునేలా చేసే పని నాది. అప్పుడు నేను పన్నెండో తరగతి.

"చెవి పెట్టి విను బిడ్డా. ఏమంటున్నది?"

"ఆకలైతున్నదట మామ. తేల్ సాలుతలేదు."

"శభాష్! గా సూది జర ఇప్పు."

నూనె ధారను అదుపు చేసే ఆ సూదిని కొంచెం తిప్పగానే గొంతు సవరించుకున్నట్టు అయ్యేది దాని శబ్దం. మా వాడకట్టులో ఆడపిల్లను పిలిచి యంత్రం ఏమంటున్నదో చెప్పమన్న మనిషి ఆయనొక్కడే. మురిసిపోయాను, అబద్ధమెందుకు! "ముంబైల విమానాల మెకానిక్ చదువున్నదట. నేనే తోలిస్త, జూడు," అనేవాడు. ఆ మాట పట్టుకుని రాత్రింబవళ్లు చదివాను.

ఆ ఏడు కళ్యాణ్‌లో ఇలాంటి విమానాల ప్రదర్శన పెట్టారు. అందరూ రెక్కల గుడ్డకు ప్రత్యేకమైన వార్నిష్ పూస్తారు. మామ పూయలేదు. సన్నని నూలు గుడ్డ కప్పి, అత్తతో గంజి కాయించి, రెక్కలకు పట్టించి ఎండబెట్టాడు. ఆరాక డోలులా బిగుసుకున్న మాట నిజమే. కానీ బయట మబ్బు కమ్ముతోంది.

"మామ, తేమకు గంజి మెత్తవడ్తది. వార్నిష్ పూద్దాం."

"పద్మశాలోని గంజికే పేరు పెడ్తున్నవా? మన తాతలు దీని మీదనే బతికిర్రు!"

వానాకాలంలో పోగులు మెత్తబడి తెగితే గంజిని నోటికొచ్చినట్టు తిట్టేది ఈయనే. నలుగురిలో గొప్ప చూపించుకోవాలనేసరికి అదంతా గంగలో కలిసింది.

కళ్యాణ్ మైదానంలో తుంపర మొదలైంది. ఇంజన్ బంగారంలా పలికింది. దానికి వంక పెట్టను. రెక్కల గుడ్డే తడిసిన లుంగీలా వేలాడింది. విమానం పైకి లేచినట్టే లేచి ముక్కుతో నేలను పొడిచింది. "అరే లూమ్‌వాలా, ధోతీ ఉడా రహా హై క్యా?" అని, ధోవతి ఎగరేస్తున్నావా అన్నట్టు, ఎవరో అరిచారు. మైదానమంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక తల తిప్పుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకే నాకు ముంబైలో ఆ విమానాల చదువుకు సీటొచ్చింది. మామ కంచం ముందు కూర్చుని, తలెత్తకుండా, "గవన్నీ మనకెందుకు? నలుగుట్ల నవ్వులపాలైతం. సాంచాలకు నూలు కండెలు చుట్టుకో," అన్నాడు.

"తమ్మీ, పిల్ల మస్తు ఆశపడ్డదిరా," అంది అవ్వ.

"నీకు తెల్వదక్కా. ఊకో."

అంతే, అయిపోయింది. నవ్వింది ఆయన్ను, శిక్ష నాకు! ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. ఎవరికి పట్టింది? కండెలు చుట్టాను. సాంచాలున్న ఇంటికే కోడలిగా పోయాను.

అవ్వ పోయిన చాలా ఏళ్లకు, మామ మనవడి పేరు పెట్టే రోజున చుట్టాలంతా చేరారు. ముసలితనం మీద పడ్డ మామ నా భుజం మీద చెయ్యేసి అందరికీ చెప్పసాగాడు. "మా అక్క బిడ్డ ఇది. చప్పుడు వింటే చాలు, ఇంజన్ రోగం చెప్పేది. విమానాల చదువుకు సీటు గూడ వచ్చె. మా అక్కనే పోనియ్యలే."

నా ఒళ్లు మండింది. "అవ్వ కాదు మామ. నువ్వే వద్దన్నవు."

సిగ్గుపడతాడనుకున్నాను, లేదా బుకాయిస్తాడనుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ నిజంగానే వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

"నేనా? నేనెందుకు వద్దంట బిడ్డా?"

ఆ ఏడే పోయాడు. ఇవాళ్టికీ వీధిలో ఏ బండి దగ్గినా దానికేం కావాలో నా చెవికి తెలుస్తుంది. అది ఆయన నేర్పిందే, కాదనను. కంచం ముందు ఆయన అన్న మాటలూ అక్షరం పొల్లు పోకుండా చెప్పగలను. ఆయన మరిచిపోయి హాయిగా వెళ్లిపోయాడు. గుర్తుపెట్టుకునే పని కూడా నా మీదనే పడింది.