దోలాంగ్ నేర్పని భాష

దుమగెటే రేవు పట్నం చుట్టుపక్కల ఊళ్లలో ముసలి తెల్లదొరలు పడుచు పెళ్లాలను వెంటేసుకుని తిరగడం ఎవరికీ వింత కాదు. తేయొదులా కాపురంలో మాత్రం వరస తిరగబడింది. ఆమె మొగుడు రూడీ స్విస్ దేశంలో ట్రామ్ నడిపి, నడుంనొప్పితో ముందే పింఛను పుచ్చుకుని, సముద్రం పక్కన బతుకుదామని వచ్చినవాడు. ఆమె కంటే ఆరేళ్లు చిన్న. ఊరంతా దోలాంగ్ అని పిలిచే ఈమె ఆ సంగతి పైకి పొక్కనిచ్చే రకమా? నెలకోసారి జుట్టుకి రంగు వేసేది. ఎవరైనా వయసడిగితే రూడీ వయసు తనదిగా చెప్పేది.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడికి తమ ఊరి బిసాయా భాష ఒక్క ముక్క నేర్పలేదు. ఇంట్లో ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు. బయట ఆయన్ని ఎవరేం పలకరించినా ఈమే అడ్డం పడి జవాబిచ్చేది. పాపం ఆయన ఒకసారి నేర్చుకుందామని పుస్తకం కొనుక్కొస్తే, "నేనున్నాగా, నీకెందుకు?" అని దాన్ని బీరువా మీదికి ఎక్కించింది. భాష వస్తే పదిమందితో మాట్లాడతాడు, ఆ పదిమందిలో సగం ఆడవాళ్లే ఉంటారు. అదీ ఆవిడ లెక్క.

మహమ్మారి వచ్చిన ఏడు అరవై దాటినవాళ్లెవరూ గడప దాటకూడదన్నారు. ఇంటికొక్క పాసే ఇచ్చారు. వార్డు మనిషి గేటు దగ్గరికొచ్చి ఇద్దరి కార్డులూ చూసి పాసు రూడీ చేతిలో పెట్టాడు. దోలాంగ్ అతని చేతిలో వేడి అరటిపండు బజ్జీల పొట్లం పెట్టి, "నా వయసు నీ కడుపులోనే దాచుకో నాయనా" అని బతిమాలుకుంది. అతను దాచుకున్నాడు కూడా.

ఆ విధంగా, చిన్నప్పటి నుంచీ సంతలో పెరిగిన మనిషి ఇంట్లో కూర్చుంది. చేప మొప్ప ఎత్తి చూడటం కూడా రాని దొర సంచి పట్టుకుని బయల్దేరాడు. మొదటిరోజు కుళ్లిన చేప తెస్తాడని, తిట్టడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన తెచ్చిన తులింగన్ చేప అప్పుడే నీళ్లలోంచి తీసినట్టుంది. పైగా గుప్పెడు మిరపకాయలు, నాలుగు కలమన్సీ నిమ్మకాయలు కొసరు.

"ఇవెవరిచ్చారు?"

"చేపలావిడ. మెర్లిండా. చాలా మంచిది, డోలీ. నన్ను చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది."

"నిన్ను చూస్తే ఏడుపెందుకట?"

"ఏమో. చెయ్యి కూడా నిమిరింది. గ్లవ్స్ వేసుకునే."

దోలాంగ్‌కి ఒళ్లు మండిపోయింది. మెర్లిండా దగ్గర మిరపకాయ కొసరు రాబట్టడానికి తనకి ఎన్నేళ్లు పట్టిందో! అది మొగుడు పోయిన మనిషి, కొత్తగా పళ్లు కూడా కట్టించుకుంది. ఆ తరవాత కొసరు పెరుగుతూ పోయింది. కూరల జునాలిన్ ఉత్తినే గుమ్మడికాయ ముక్క పంపింది. ఒకరోజు సంచిలోంచి ఆకులో చుట్టిన తీపి అన్నం బయటపడింది. రూడీ లొట్టలేసుకుంటూ తింటుంటే దోలాంగ్ గుడ్లురిమి చూసింది. "తిను, తిను. సంతలో నీకు అత్తగారిళ్లు బోలెడు" అని ఆయనకి అర్థమైనా కాకపోయినా అనేసింది. ఆయన నవ్వాడు.

ఆ శనివారం పొద్దున్నే రూడీ నీళ్ల మోటారు విప్పుకుని కూర్చున్నాడు. దోలాంగ్ మేనకోడలి జీన్సు తొడుక్కుంది, టోపీ పెట్టింది, మాస్కు వేసి దానిమీద ప్లాస్టిక్ షీల్డు దింపింది. పాసు తీసుకుని పెరటి దారిన బయటపడింది. సంత గేటు దగ్గర కాపలావాడు అంటుకుంటుందన్న భయంతో పాసు రంగు దూరం నుంచే చూసి పొమ్మన్నాడు.

మెర్లిండా గుర్తుపట్టలేదు. "ఏం కావాలి, ఇందాయ్?" అంది. ఆ పిలుపు చిన్నపిల్లలకి. దోలాంగ్‌కి పట్టరాని సంతోషం కలిగింది. గొంతు దొరక్కుండా పెద్ద తులింగన్ వైపు వేలు చూపించింది.

"అది కాదమ్మా. దొరగారికి తీసిపెట్టా. వాళ్లావిడ పోయేట్టుంది పాపం."

దోలాంగ్ ఉలిక్కిపడి, "ఎవరన్నారు?" అని మాస్కులో గొణిగింది.

"ఎవరో అనడమెందుకు? దోలాంగక్క వయసేం మించిపోలేదు, బయటికి రావచ్చు. రాలేదంటే మంచాన పడినట్టేగా! అందుకే దొరనే అడిగాం. 'ఆవిడకి బాగాలేదా?' అంటే 'ఓఓ' అన్నాడు. 'లేవలేదా?' 'ఓఓ'. 'ఆశ లేదన్నారా?' దానికీ గంగిరెద్దులా తలూపి 'ఓఓ' అన్నాడు. పైగా నవ్వు! ఎంత దుఃఖం దిగమింగుతున్నాడో మహానుభావుడు."

తొమ్మిదేళ్లు నోరు కట్టేసిన మొగుడికి సంత నేర్పింది ఆ ఒక్క మాట. అవును అని.

మెర్లిండా ముందుకి వంగి గొంతు తగ్గించింది. "ఆ జునాలిన్‌కి సిగ్గు లేదు, గుమ్మడికాయలు పంపుతోంది. ఆవిడ పోయాక నలభై రోజుల ప్రార్థన అయ్యేదాకా అయినా ఆగుతుందో లేదో! నేనైతే ఏడాది ఆగుతా. పద్ధతి తెలిసినదాన్ని."

దోలాంగ్ షీల్డు పైకెత్తి మాస్కు గడ్డం కిందికి లాగింది.

"ఏడాదెందుకే? ఇవాళే నన్ను పూడ్చేసి రా!"

మెర్లిండా కత్తి వదిలేసి శిలువ గుర్తు వేసుకుంది. జునాలిన్ గుమ్మడికాయల వెనక నక్కింది. ఈ గోలకి కాపలావాడు మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మాస్కు! మాస్కు వెయ్యమ్మా! వయసెంత నీకు?"

"యాభై ఏడయ్యా, మాకు తెలుసు, వదిలెయ్" అని మెర్లిండా గబగబా అడ్డుపడింది. ఎంతైనా పాత బేరం.

ఊఁ అంటే చాలు, ఇంటికి పోవచ్చు. దోలాంగ్ మాస్కు ముక్కు మీదికి ఎక్కించి, ఆ వరసలో ఉన్న ఆడవాళ్లందరినీ కలయజూసింది. ఆ తీపి అన్నం ఎవరు వండారో అనుకుంది.

"అరవై మూడు!" అంది, మైకు అక్కర్లేకుండానే. "అందుకే ఇంట్లో ఉన్నా. మా అమ్మ తొంభై రెండేళ్లు బతికింది. ఎన్నేళ్లు ఆగాలో కూర్చుని లెక్కేసుకోండి!"

కాపలావాడే ఆమెని ట్రైసికిల్ ఎక్కించి ఇంటిదాకా దింపాడు. చేతులనిండా గ్రీజుతో రూడీ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, పెళ్లాం కనిపించక వీధి అటూ ఇటూ చూస్తూ. దోలాంగ్ ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్లి కుర్చీలో కూలేసింది.

"నా వెనకాల అను. 'దిలి'. కాదు అని అర్థం."

"దిలి" అన్నాడు రూడీ, చిన్నపిల్లాడిలా సంబరపడిపోయి. "డోలీ, నువ్వు నాకు భాష నేర్పుతున్నావు!"

"నవ్వకుండా అను."

"దిలి."

"సంతలో ఆడది ఏమడిగినా అదే అనాలి."

"దిలి. దిలి." బీరువా మీది పుస్తకం వైపు చూశాడు. "ఇంకో మాట చెప్పవా?"

"ఒక్కటి చాలు నీకు" అంది దోలాంగ్.