మడిపంచె మీద చాకలి గుర్తు

మా నాన్న అద్వైతి. అంటే, నరసరావుపేట బజారులో బట్టల కొట్టు మూసి ఇంటికి వచ్చాక అద్వైతి. కొట్లో ఉన్నంతసేపూ మల్లుకీ లాంగ్‌క్లాతుకీ తేడా ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సాయంత్రం అరుగెక్కి కూర్చుంటే మాత్రం జగత్తంతా మిథ్య అయిపోయేది.

మా మేనమామ ద్వైతి. వినుకొండ నుంచి ఏదో పని మీద వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయాడు. జీవుడు వేరు, దేవుడు వేరు, జగత్తు ముమ్మాటికీ నిజం అని గొంతు చించుకునేవాడు. యుద్ధం రోజులు; కిరసనాయిలు దొరక్క పొద్దుగూకితే ఊరంతా చీకటి. ఆ చీకట్లో కనపడింది తాడా, పామా అని వీళ్ళిద్దరూ అరుగు మీద తేల్చుకుంటుంటే, లోపల మా అమ్మ చెంబేదో గోడేదో తెలియక తడుముకునేది.

కొన్నేళ్ళుగా ఆమె కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుందన్నాడు డాక్టరు. ఆలస్యమైతే రాదనీ అన్నాడు. నేను నాన్ననే అడిగాను.

"కనపడేదంతా మాయేనమ్మా. కనపడకపోతే పొయ్యేదేంది?" అన్నాడు.

మామ ఖండించాడు. "మాయేంది బావా? కళ్ళూ నిజమే, రోగమూ నిజమే. కాకపోతే ఎవరి కర్మ వాళ్ళది. అక్క కర్మ మనమేం మారుస్తాం?"

ఏ విషయంలోనూ కలవని రెండు సిద్ధాంతాలు మా అమ్మ కళ్ళ దగ్గర చక్కగా కలిశాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం, "పోనీలేవే, చానామంది చూపు లేకుండా బతకట్లా?" అంది.

అన్నీ ఒకటే అనే నాన్నకు మడి విషయంలో మాత్రం అన్నీ వేరే. ఆయన పూజకు కట్టే పంచె ఎవరూ తాకకూడదు. విడిగా తడిపి, ఎత్తున దండెం మీద ఆరేసి, కర్రతో తీసివ్వాలి. అది అమ్మ పని. ఒక శుక్రవారం పొద్దున ఆమె పొరపాటున పక్క దండెం మీది పంచె తీసిచ్చింది. నాన్న అది కట్టుకుని గంట వాయించి, నైవేద్యం పెట్టి, హారతిచ్చి, తృప్తిగా బయటికి వచ్చాడు.

మామ చూపు పంచె అంచు మీద పడింది.

"బావా, మడిపంచెకు చాకలి గుర్తుందేంది?"

అప్పుడు చూడాలి మా వేదాంతి గంతులు. కందిగింజంత నల్లటి గుర్తు, పరబ్రహ్మాన్ని నిలువునా వణికించింది.

"మైలగుడ్డతో పూజ చేశానే! ఏమే, నీకు కళ్ళు లేవా?"

"లేవు గదండీ," అంది అమ్మ.

మర్నాడే ఆమెను గుంటూరు రైలెక్కించాడు. భార్య చూపు కోసం కాదు, పంచె మడి కోసం. అయినా నేను సంతోషంతో ఏడ్చాను.

కట్లు విప్పి, దళసరి కళ్ళద్దాలు పెట్టించి ఇంటికి తెచ్చారు. అమ్మ గుమ్మంలోనే నిలబడి నాన్న మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళు నిండాయి.

"ఇంత ముసలోరైపొయ్యారేందండీ? ఇన్నాళ్ళూ నా కళ్ళకు మీ జుట్టు నల్లగానే ఉండింది."

దేహం మిథ్య అని చెప్పవలసిన మనిషి లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం అరుగు మీద మామ ఒక్కడే తాడు సంగతి మొదలుపెట్టి, వినేవాళ్ళు లేక ఊరుకున్నాడు. నాన్న వంటింట్లో అమ్మకు ఎదురుగా కూర్చుని, "ఇక్కణ్ణించి బాగా కనపడుతున్నానా?" అని అడుగుతున్నాడు.