బీరువాలో ఆరు మైక్రోస్కోపులు

సైన్సు మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు సుద్దముక్క. ఆ పేరు ఊరికే రాలేదు. పందొమ్మిదేళ్లుగా ఆయన మైక్రోస్కోపును బోర్డు మీద సుద్దతోనే చూపిస్తున్నారు. పద్నాలుగు భాగాలు, పద్నాలుగు పేర్లు, ఒక్క గీత తప్పు పోదు. చేరిన కొత్తలో సొంత డబ్బుతో అయస్కాంతాలు, బ్యాటరీలు కొనుక్కొచ్చేవారు. నిధుల కోసం ఏటా అర్జీ రాసేవారు. రాసి రాసి ఆ ఉత్సాహానికి ఎప్పుడో నీళ్లొదిలేశారు. ఇప్పుడాయన సంచిలో ఉన్న అర్జీ వేరు. పాఠాలు వద్దు, ఆఫీసు పనికి మార్చండి అని.

అంతలో నిధులు రానే వచ్చాయి. ఆరు మైక్రోస్కోపులు దిగాయి. హెడ్‌మిస్ట్రెస్ వాటిని పెట్టెలతో సహా బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఒక్కటి పగిలినా నా మెడకు చుట్టుకుంటుంది మాస్టారూ. నేను రిటైరయ్యాక మీ ఇష్టం."

మాస్టారు సరేనని సుద్దముక్క అందుకున్నారు. వాదించడం మానేయడమే ఆయన అసలు జబ్బు.

ఆరు నెలలకు తనిఖీ అధికారి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ బీరువా తెరిచి, "చూడండి సార్, ఒక్క గీత పడలేదు" అన్నారు మురిసిపోతూ.

అధికారి పెట్టెల మీది టేపు తడిమి చూశారు. "విప్పనే లేదు కదమ్మా. మీకు అక్కర్లేనట్టుంది. వాడుకునే బడి ఇంకోటుంది, సాయంత్రం నా బండిలో తీసుకెళ్తాను."

మాస్టారు బీరువాకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. పోతే పోనీ అనుకోవలసిన మనిషి, ఎందుకో అనుకోలేకపోయారు.

"ఒక్క పీరియడ్ ఆగండి సార్," అన్నారు.

అధికారి, హెడ్‌మిస్ట్రెస్ వెంట రాగా క్లాసులో ఒక పెట్టె విప్పి, ఉల్లిపొర తీసి గాజుపలక మీద పరిచి, కన్ను ఆనించారు. మసక వెలుగులో నల్లటి సన్నగీతలు కదిలాయి. "అవిగో కణాలు!" అని ప్రకటించారు.

ముందు బెంచీ అమ్మాయి వచ్చి చూసింది. "ఇవి నా కనురెప్పల వెంట్రుకలు మాస్టారూ. కళ్లార్పితే ఆడుతున్నాయి." వంగి, కింది కటకానికున్న మసక ప్లాస్టిక్ మూత లాగి ఆయన చేతిలో పెట్టింది.

క్లాసంతా ఘొల్లుమంది. పద్నాలుగు పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషే. కానీ ఎప్పుడో కాలేజీలో ఎవరో సిద్ధం చేసి పెడితే వరుసలో నిలబడి చూడటమే తప్ప, తన చేత్తో మైక్రోస్కోపు సరిచేసి ఎరగరు. నాలుక కరుచుకుని, తనూ నవ్వేసి, మళ్లీ చూశారు.

ఈసారి నిజంగానే కణాలు. బోర్డు మీద తాను గీసే కణాల బొమ్మలో ఇటుకల్లా తిన్నగా లేవు. ఒకటి పొడుగ్గా, ఒకటి వంకరగా, ఇష్టమొచ్చినట్టున్నాయి. ఇన్నేళ్లూ పిల్లలకు తప్పు బొమ్మ చూపించానని సిగ్గేసింది. దానికి రెట్టింపు సంతోషమేసింది. డస్టరు తీసుకుని బోర్డు మీదున్న కణాల బొమ్మ తుడిచేశారు.

నేను ముందంటే నేను ముందని పిల్లలు తోసుకోవడంలో గాజుపలక కింద పడి పగిలింది. హెడ్‌మిస్ట్రెస్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మాస్టారు సంచిలోంచి బదిలీ అర్జీ తీసి, ముక్కలన్నీ అందులో ఏరి పొట్లం కట్టి చెత్తబుట్టలో వేశారు.

అధికారి బడి సామాన్ల రిజిస్టరు ముందుకు జరిపారు. "పగిలింది కదా, రాయండి."

మాస్టారు రాశారు: "పగిలినది, గాజుపలక ఒకటి. కారణం, పాఠం."

అధికారి రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టారు. సాయంత్రం బండి ఖాళీగానే వెళ్లింది.