కాటికి పోయిన మా చిన్నోడు

మా చిన్న తమ్ముడు కాటికి పోయినాడు.

ఈ మాట ముప్పై ఏండ్లుగా చెప్తానే ఉన్నాను. వాడి కోసం ఇంటికి ఎవరు వచ్చినా ఇదే జవాబు. మా పొల్లాచ్చి పక్క తెలుగిండ్లలో కాడు అంటే వాన మీద పండే మెట్టచేను. బావి ఉంటే తోట, లేకుంటే కాడు. ఆంధ్ర వైపు ఆ మాటకు వల్లకాడని అర్థమని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ మా అర్థంతో చెప్పినాను. పోయిన నెల నుంచి మీ అర్థంతో చెప్పవలసి వచ్చింది.

ఆ పొద్దు ఎనిమిది గంటలకు, కాటిలో పనిచేసే మారక్క ఫోన్ చేసింది. "అక్కా, అణ్ణన్ ఎళుందిరిక్క మాట్టేంగిరారు" అనింది. అన్న లేవనంటున్నాడని, అరవంలో. నాకు ముందు వచ్చింది కోపమే. 'వాడు ఎవరి మాట విన్నాడని నీ మాట వినేదానికి' అనబోయినాను. అంతలో ఆమె ఏడుపు వినిపించింది. పొయ్యి ఆర్పి పరిగెత్తినాను. మద్దిచెట్టుకు ఆనుకోని కూర్చోని ఉన్నాడు. చేతిలో చీపురుపుల్ల ఉంది. గుండె ఆగి అప్పటికే చాలాసేపయిందన్నారు.

వాడి గురించి నాలుగు మంచి మాటలు రాయమని మన పత్రికవాండ్లు అడిగినారు. మంచి మాటలు రావాలంటే ముందు కోపం దిగాల. ఇంకా దిగలేదు. అట్లనే రాస్తున్నాను.

ఆ చేనులో మా నాయన తైలం చెట్లు, అదే నీలగిరి, పెట్టినాడు. అవి నీళ్ళన్నీ తాగేసి వాగును ఎండగట్టినాయి. నాయన పోయినాక చిన్నోడు వాటిని వేర్లతో సహా పీకించి మద్ది, నేరేడు, పనస, ఇప్ప నాటినాడు. మొక్కలు కొనలేదు. కొండ అంచున తిరిగి, రాలిన విత్తనాలు ఏరి పంచెలో మూటగట్టి తెచ్చేవాడు. దాచేది ఎక్కడ? నా వంటింటి డబ్బాల్లో. ఒకనాడు కందులనుకోని ఏవో అడివి గింజలు నానబెట్టినాను. రెండు నాళ్ళకు మొలకెత్తినాయి. వాడు ఎగిరి గంతేసినాడు. "ఇన్నాళ్ళూ నాకు మొలవని గింజ, నీ చేతిలో మొలిచిందక్కా!" ఆ పొద్దు ఇంట్లో సాంబారు లేదు.

చెట్లు లేచి నీడ వచ్చినాక వెనిలా తెచ్చినాడు. అప్పట్లో మా పక్క అందరూ వెనిలా పెట్టి, ధర పడగానే అందరూ పీకి గట్టు మీద పారేసినారు. ఆ పారేసిన తీగలను వీడు సైకిల్ మీద వేసుకోని వచ్చి తన చెట్లకు పాకించినాడు.

"ఊరంతా పారేసిన దాన్ని నువ్వెందుకురా ఎత్తుకొస్తావు?" అన్నాను.

"నీడ లేకుండా పెట్టినారక్కా వాండ్లు. దీనికి అడివి కావాల. అడివి నా దగ్గరుండాది."

వాడి మాటల్లో అన్నిటికంటే నన్ను విసిగించింది ఒకటుంది. ఆకు రాలనీ. వెనిలా వేర్లు మట్టి లోపలికి పోవు, రాలిన ఆకుల కిందనే పాకుతాయి. అందుకని కాటిలో ఒక్క ఆకు ఊడవనిచ్చేవాడు కాదు. అంతవరకు సరి. ఇంట్లో ఏమడిగినా అదే జవాబు. పెంకులు కారుతున్నాయిరా అంటే, "ఆకు రాలనీ అక్కా, చూద్దాం." పెండ్లి మాట ఎత్తితే, "ఆకు రాలనీ." పోయిన తై మాసంలో, సంక్రాంతి నెలలో, ఎడమ చెయ్యి లాగుతుందన్నాడు. కోయంబత్తూరు పోయి డాక్టరుకు చూపించుకోరా అని చేతులు పట్టుకున్నాను. "పూలు వచ్చే కాలం. ఆకు రాలనీ అక్కా."

రాలింది.

పెండ్లి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. చిత్తూరు పక్క నుంచి ఒక సంబంధం వచ్చింది. పెండ్లికూతురి అవ్వ కాఫీ తాగుతా, "అబ్బాయి ఏడమ్మా?" అనింది. "కాటికి పోయినాడవ్వా, ఇంగ వస్తాడు" అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది. నేను విడమరిచి చెప్పేలోపల వీడు నెత్తిన ఎండాకు, మోకాలిదాకా బురదతో వచ్చి నిలబడినాడు. సంబంధం మళ్ళీ ఆ వైపు నుంచి రాలేదు. తప్పు నాదేనని నేను నాలుగు నాళ్ళు అన్నం తినలేదు. వాడు కడుపు పట్టుకోని నవ్వినాడు. "కాటికి పోయినోడు తిరిగొస్తే ఎవురక్కా పిల్లనిచ్చేది?"

నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది. మా ఆయన పోయి నేను పుట్టింటికి వచ్చి అప్పటికి చానా ఏండ్లు. మూడేండ్లుగా పూయని తీగ, ఒక శుక్రవారం పొద్దున లేతపచ్చ పూలు విప్పింది. నాకు కండ్లలో నీళ్ళు వచ్చినాయి. తొలి పూవు పెరుమాళ్ళకే అనుకోని, తట్ట నిండా కోసుకొచ్చి పూజ చేసినాను. చీపురుపుల్లలు చెక్కుకోని కాటికి బయలుదేరిన వాడు సామి గది వాకిట్లో నిలబడిపోయినాడు. తట్టనే చూసినాడు.

"ఇది ఒక్క పొద్దు పూసే పూవక్కా" అన్నాడు. "ఎండ ముదిరేలోపల పెండ్లి చెయ్యాల. లేకుంటే కాయ లేదు."

"ముందే చెప్పకూడదా?" అని వాడి మీదనే అరిచినాను. తప్పు చేసినప్పుడు గొంతు పెరుగుతుంది నాకు.

"పోనీలే. సామికి కాయతో పాయసం పెడదామనుకొన్నా. నువ్వు పూవుతోనే పంపించేసినావు."

తిట్టి ఉంటే మరిచిపోయేదాన్ని.

మరుసటేడు పెండ్లి ఎట్లా చేయాలో చూపించినాడు. పూవు లోపల మగదానికీ ఆడదానికీ నడుమ సన్నని తెర ఒకటుంటుంది. పుల్లతో ఆ తెరను లేపి, బొటనవేలితో మెల్లగా ఒత్తాల. "వేరే దేశం తీగక్కా ఇది. దీని తేనెటీగ దీని ఊర్లోనే ఉండిపోయింది. మన మాదిరే, వచ్చిన చోట మనుషులే దిక్కు" అనేవాడు. తన పెండ్లికి తెర పట్టనీయని వాడు ఏటా వేల పూలకు తెర లేపినాడు. నన్ను పిలిస్తే నేను పోలేదు. "నాకు పూజ ఉంది" అనేదాన్ని. రెండూ ఒకే గంటలో వచ్చే పనులు.

అరవంలో కాడంటే అడివి కూడా. ఆ కాడు నిజంగా ఆ కాడయింది. వాగులో ఎండలు మొదలయ్యే మాసి నెలలోనూ తడి నిలిచింది. పేరు తెలియని పిట్టలు వచ్చినాయి. పందులు, పాములు కూడా వచ్చినాయి, నా తిట్లకు అంతులేదు. వాడు మాత్రం ప్రతి ఏడూ ఒకటే అడిగేవాడు. "నాకేమైనా అయితే చెట్లు కొట్టనీనని ఒక్క మాట ఇయ్యి అక్కా." "మాట సామికే ఇస్తాను, నీకీయను" అని తప్పించుకొనేదాన్ని. ఏటా అడిగినాడు, ఏటా తప్పించుకొన్నాను. మాట లేకుండానే పోయినాడు.

మైల నాళ్ళలో నడిపి తమ్ముడు వాడుండే అవినాశి ఊరి నుంచి వచ్చినాడు. చేను ఇప్పుడు వాడిదీ నాదీ.

"అక్కా, పదహారో దినం కాగానే మరం కోసేవాండ్లను పిలిచి చెట్లన్నీ కొట్టిస్తా. తెంకాయ పెడదాం, చూసుకొనేది సులువు. నువ్వు సరి అంటే చాలు."

నేను కాఫీ గ్లాసులు ఎత్తుకోని లేచినాను.

"దినమూ ఆ కాటిని తిట్టింది నువ్వే గదా?"

నిజమే. తిట్టింది నేనే.

మరునాడు తెల్లారింది. స్నానం అయింది. మైల కదా, సామి గదికి పోకూడదు. ఆ గంటలో చేతులకు పని లేకపోవడం నాకు బతుకులో తెలియదు. చీపురులో ఒక పుల్ల విరుచుకోని కాటికి పోయినాను. పూలు విప్పి ఉన్నాయి. వాడు లేడని వాటికి ఎవరు చెప్పినారు? అద్దాలు పెట్టుకోని, వాడు చూపించింది గుర్తు చేసుకోని, పన్నెండు పూలు పట్టినాను. నాలుగు చిరిగిపోయినాయి. "ఒరే, ఇంత కష్టమని చెప్పకూడదా?" అని మద్దిచెట్టును తిట్టినాను.

ఒత్తిడి కుదరకుంటే పూవు మరునాడే రాలుతుంది. కుదిరితే వాడినా రాలదు. మరునాడు పోయి చూసినాను. పదకొండు ఆకుల్లో పడి ఉన్నాయి. ఒకటి లేదు. తల ఎత్తి తీగ మీద వెతికినాను. అక్కడే ఉంది.

అక్కడి నుంచే నడిపివాడికి ఫోన్ చేసినాను.

"మరం కోసేవాండ్లను పిలవద్దు."

"ఎన్నాళ్ళక్కా?"

"ఆకు రాలనీ."

"నువ్వు కూడానా?" అన్నాడు. తరువాత ముక్కు చీదిన సద్దు వినిపించింది.

ఈ పొద్దు సామికి దీపం పెట్టి, ఇంటికి తాళం వేసి, పక్కింటామెతో "కాటికి పోయి వస్తా" అని చెప్పి బయలుదేరినాను. కాయ వేలెడు పొడుగయింది. దాని కొసన ఆ పూవు గోధుమరంగుకు ఎండిపోయి, గాలికి ఊగుతా, పట్టు విడవకుండా ఉంది.